అడుగుకి నూలు

వీరవేణిగారి షెడ్డులో దిగిన కొత్త మనిషి దొంగ తాళంచెవులు చేస్తాడట. లోవమ్మ చెప్పిందట. పాలకేంద్రం దగ్గర అందరూ అదే అనుకుంటున్నారట.

ఈ 'అట'లన్నీ మోసుకొచ్చి మొగుడి కంచం ముందు దింపింది వెంకటదుర్గ.

సత్తియ్యకు తాళాల బెంగ లేదు. "కంప్యూటరు చెబితే మెషినే కర్ర చెక్కేస్తుందట" అని ఆమె చివర్లో అన్నప్పుడు మాత్రం ముద్ద నోటి దగ్గర ఆగింది.

ధవళేశ్వరంలోని ఇనుప పోతల ఫౌండ్రీకి అచ్చులు చెక్కేది సత్తియ్య ఒక్కడే. పంపు చక్రమైనా, మోటారు మూతైనా ముందు అతను కర్రలో చెక్కాలి. ఆ కర్రని ఇసుకలో అదిమి, పడ్డ గుంటలో ఇనుము పోస్తారు.

చెయ్యి కడుక్కుని షెడ్డుకి వెళ్లాడు.

లోపల పాత ప్రింటర్ల నుంచి పీకిన మోటార్లు, బీరువా సొరుగుల పట్టాలు, ఒక ముసలి కంప్యూటరు. మధ్యలో నులకమంచమంత మెషిన్. దాని పక్కన యాభై దాటిన మనిషి, ఒళ్లంతా రంపంపొట్టు.

"రండి సత్తియ్యగారూ. నా పేరు శాంతికుమార్. మీకోసమే చూస్తున్నానండి."

గోడ నిండా మెషిన్ డ్రాయింగులు. కింద ఎర్ర సిరాతో 'ఎవరైనా చూసి రాసుకోవచ్చు' అని ఉంది.

"ఇలా గోడకి అంటిస్తే ఎవడైనా చేసేసుకోడా?"

"చేసుకోవాలనేనండి. నెట్ సెంటర్‌కెళ్లి ఇంటర్నెట్‌లో కూడా పెట్టాను. కంపెనీ మెషిన్ మనలాంటివాళ్లు కొనలేరు. ఇది పాత సామాన్లతో అయిపోయింది. దీన్ని మీరే నడపాలండి."

సత్తియ్యకి అది ఎగతాళిలా వినపడింది.

అంతలో ఫౌండ్రీ యజమాని హరిబాబు స్కూటర్ దిగాడు. అతనికీ కబురు అందినట్టుంది. మెషిన్ చుట్టూ రెండుసార్లు తిరిగి, జేబులోంచి పంపు చక్రం డ్రాయింగు తీసిచ్చాడు.

"ఇది కుదిరిందా, అచ్చులన్నీ ఇక్కడే. ఏం సత్తియ్యా, ఇక కాలుమీద కాలేసుకు కూర్చోవచ్చు నువ్వు."

"అలా కాదండి, నడిపేది సత్తియ్యగారే" అన్నాడు శాంతికుమార్.

"కంప్యూటర్ చేసే పనికి మళ్లీ ఆయనకి కూలెందుకండీ?"

హరిబాబు నవ్వుకుంటూ వెళ్లిపోయాడు. శాంతికుమార్ ఆ డ్రాయింగుని మెషిన్ మీద పరిచాడు. తర్వాత అడిగాడు.

"మీ అచ్చు స్కేలు ఒక్కసారి ఇస్తారా?"

కరిగిన ఇనుము చల్లారితే ముడుచుకుంటుంది. అందుకని అచ్చుపనివాళ్ల స్కేలు అడుగుకి నూలు, అంటే అంగుళంలో ఎనిమిదో వంతు, పెంచి గీసి ఉంటుంది. చూడ్డానికి మామూలు స్కేలే. ఎవరి స్కేలు వాళ్ల పెట్టెలోనే ఉంటుంది. సత్తియ్య తనది సొంత అల్లుడికి కూడా చూపించలేదు.

ఇంటికెళ్లి, పుస్తకాల కొట్లో కొన్న స్టీలు స్కేలు పట్టుకొచ్చి ఇచ్చాడు.

శాంతికుమార్ దాన్ని వెలుగులోకి తిప్పాడు. బొటనవేలి గోరుతో గీతలు తడిమాడు. తలెత్తి సత్తియ్య మొహంలోకి చూశాడు.

"దీంతోనే కొయ్యమంటారా?"

"మేం కోసేది దాంతోనే."

"సరేనండి."

పోత పోసిన అడుగు వెడల్పు చక్రం సరిగ్గా నూలు తగ్గి వచ్చింది. పంపులో పెడితే వదులుగా ఆడింది.

"కొలత రానివాడికి కంప్యూటరెందుకయ్యా?" హరిబాబు పదిమంది ముందూ కేకలేశాడు.

"తప్పు నాదేనండి" అన్నాడు శాంతికుమార్. సత్తియ్య వైపు చూడనైనా లేదు.

వారం తిరక్కుండా మెషిన్ విప్పి వ్యాను మీద వేసుకుని వెళ్లిపోయాడు. డ్రాయింగులు గోడకే వదిలేశాడు. వీరవేణిగారు వాటిని గీకించేసి సున్నం కొట్టించింది.

ఆ రోజు సత్తియ్య మారు వడ్డించుకుని తిన్నాడు.

రెండేళ్లు గడిచాయి. హరిబాబు అచ్చులు కోయంబత్తూరు నుంచి తెప్పించడం మొదలుపెట్టాడు. కంప్యూటర్ కోసినవే. సత్తియ్యని రావద్దనలేదు. పిలవడం మానేశాడు, అంతే.

ఆరునెలలు ఓర్చుకుని, వీరవేణిగారి దగ్గర అడ్రసు తీసుకుని, సత్తియ్య నరసాపురం బస్సెక్కాడు. కాళ్లు పట్టుకునైనా ఆ మెషిన్ నేర్చుకోవాలని దారి పొడుగునా అనుకుంటూనే ఉన్నాడు.

గుమ్మంలో కూర్చుని లేసు అల్లుకుంటున్న ఆవిడ తలెత్తింది.

"శాంతికుమార్‌గారు..."

"పోయారండి. నాలుగు నెలలైంది. నేను ఆయన ఇంటావిడ్ని."

సత్తియ్య అరుగు మీద కూలబడ్డాడు.

"ఆ మెషిన్ అమ్మా?"

"బరంపురం నుంచి కుర్రాళ్లొస్తే ఇచ్చేశారు. ఆ డ్రాయింగులు చూసి మేమూ చేసుకున్నామని ఎవరెవరో ఇప్పటికీ ఫోన్లు చేస్తారు. వాళ్ల భాష నాకు రాదు. ఊఁ కొడతాను. ఇంతకీ మీరు?"

"ధవళేశ్వరం అండి. సత్తియ్య."

ఆవిడ వేళ్లు ఆగిపోయాయి.

"పాపం నాదేనమ్మా. నా పని పోతుందని తప్పుడు స్కేలిచ్చాను. ఆయన అమాయకంగా నమ్మి దాంతోనే కోశారు."

ఆవిడ దారం వేలికి చుట్టుకుంది. మళ్లీ అల్లిక మొదలుపెట్టి, తలెత్తకుండా అంది.

"కంపెనీ మెషిన్ దింపి ఫౌండ్రీవాళ్లు ఇంటికి పంపేసేదాకా ముప్పై ఏళ్లు అచ్చులే చెక్కారండి మా ఆయన. స్కేలు చూస్తే తెలీదనుకున్నారా?"