చూసిందే రాయాలి

"ఆయన వచ్చినప్పుడు మీరు కుర్చీలోంచి లేవకండి పిన్నీ. పలకరింపు కూడా కూర్చునే కానివ్వండి."

పక్కింటి నర్సు డ్యూటీకి వెళ్తూ ఈ మాట చెప్పడం మూడోసారి.

"లేవలేనట్టు నటించమంటావా?"

"నటనెందుకు, ఎలాగూ లేవలేరుగా. ఆ సంగతి ఆయన కంట పడనివ్వండి, చాలు."

పిన్ని నలభై ఏళ్లు కుట్టుమిషను తొక్కింది. అందుకే ఆ బిల్డింగులో అందరికీ ఆమె మిషను పిన్ని. ఆమె బట్టలు కుట్టింది, మిషను ఆమె మోకాళ్లను తినేసింది. ఉండేది లిఫ్టు లేని నాలుగో అంతస్తు. కిందికి దిగి ఎనిమిది నెలలైంది. పాలూ కూరగాయలూ బాల్కనీలోంచి తాడు కట్టి వదిలిన బుట్టలో పైకొస్తాయి. పిన్ని మాత్రం ఆ బుట్టలో పట్టదు.

పెద్దవాళ్ల కోసం ప్రభుత్వం కట్టిన నేల అంతస్తు ఇళ్లలో ఒకే ఒక్కటి ఖాళీ అయింది. జాబితాలో మూడేళ్లుగా పాకుతూ పాకుతూ పిన్ని పేరు మొదటికి చేరింది. ఇక మిగిలింది ఇన్‌స్పెక్టర్ తనిఖీ. అందులో నెగ్గితే ఇల్లు ఆమెది. నెగ్గడమంటే అక్కడ ఏదీ చేతకాకపోవడమే.

మధ్యాహ్నం మూడింటికి ఇన్‌స్పెక్టర్ వచ్చాడు. తల నెరిసిన మనిషి. మెట్లెక్కిన ఆయాసంతో రెండు గ్లాసుల మంచినీళ్లు తాగాడు. ఆ నీళ్లు ఆయనే వంటింట్లోంచి తెచ్చుకోవాల్సి వచ్చింది. పిన్నికి సిగ్గుతో చచ్చినంత పనైంది.

"నోటితో చెప్పింది రాయకూడదమ్మా. కళ్లతో చూసిందే రాయాలి. మా రూలు అది," అంటూ ఫారం తీశాడు.

కుర్చీలోంచి లేవమన్నాడు. బల్ల పట్టుకుని, మూడో ప్రయత్నంలో లేచింది. బాత్రూం గడప దాటమన్నాడు. గోడ పట్టుకుని కాలెత్తబోయి ఆగిపోయింది. రెండింటి ఎదురుగానూ 'కష్టం' అని రాశాడు. మూడోది మెట్లు. ఆమె మోకాళ్ల వాపు చూసి, మెట్లు ఇప్పుడొద్దులెమ్మన్నాడు. ఎంత మంచి మనిషి అనుకుంది పిన్ని.

ఆ తర్వాత కొత్త ఇంటి గురించి ఎంత ఓపిగ్గా చెప్పాడో. ఎక్కడా గడపలు లేవట. బాత్రూంలో చేతికందేలా కడ్డీలట. చక్రాల కుర్చీ వంటింట్లో కూడా ఇట్టే తిరుగుతుందట. పొద్దుటి ఎండ సరిగ్గా మంచం మీదికే వస్తుందట. చెబుతుంటే ఆయన కళ్లూ మెరిశాయి. పిన్నికి ప్రాణం లేచొచ్చింది. మిషను ఏ మూల వేసుకోవాలో కూడా అప్పుడే ఆలోచించుకుంది.

వెళ్లడానికి లేచినవాడు గుమ్మం దగ్గర తూలాడు. గోడకు ఆనుకుని కళ్లు మూసుకున్నాడు.

"అమ్మా, కళ్లు తిరుగుతున్నాయి. ఒక్కణ్ణీ దిగలేను. కాస్త చెయ్యిస్తారా?"

ఎదుటి మనిషి పడిపోతుంటే మోకాళ్ల సంగతి ఎవరికి గుర్తుంటుంది? పిన్ని లేచింది. ఎలా లేచిందో ఆమెకే తెలియదు. ఒక చేత్తో కమ్మీని, ఇంకో చేత్తో ఆయన్ని పట్టుకుని ఒక్కో మెట్టే దిగింది. అడుగు వేసినప్పుడల్లా మోకాళ్లలో సూదులు దిగాయి. పళ్ల బిగువున ఓర్చుకుంది. పైగా, భయం లేదు నాయనా, ఇంకెంత, వచ్చేశాం అని ఆయనకే ధైర్యం చెప్పింది.

వీధి గుమ్మంలో ఆయన చెమట తుడుచుకున్నాడు. మీ మేలు మరిచిపోనన్నాడు. ఫారం చంకలో పెట్టుకుని వెళ్లిపోయాడు.

పిన్ని తిరిగి ఎక్కలేకపోయింది. సాయంత్రం ఆరుదాకా చివరి మెట్టు మీదే కూర్చుంది. నర్సు వచ్చి, ఇద్దరు మనుషుల్ని పిలిచి, కుర్చీలో పైకి మోయించింది. జరిగింది విని తల పట్టుకుంది.

పది రోజులకు ఉత్తరం వచ్చింది. 'దరఖాస్తుదారు నాలుగంతస్తుల మెట్లు స్వయంగా దిగారు. మరొకరిని చెయ్యి పట్టుకుని దింపారు కూడా. అర్హత లేదు.' కింద ఇన్‌స్పెక్టర్ పేరు, సంతకం. ఏరు దాటి తెప్ప తగలేయడమంటే ఇదే.

నర్సు ఆఫీసుకు ఫోన్ చేసి పోట్లాడింది. ఇల్లు జాబితాలో రెండో పేరుకు ఇచ్చేశామన్నారు. వాళ్లనూ కడిగేసి వస్తానని చెప్పులేసుకుంది. పిన్ని ఆపింది.

"వాళ్లేం చేశారే పాపం. నాకన్నా కదల్లేనివాళ్లే అయ్యుంటారు. ఊరికే చూసిరా. అలాంటివాళ్లే అని తెలిస్తే నాకు ఈ బాధ ఉండదు."

ఆదివారం నర్సు వెళ్లింది. నేల అంతస్తు, వెడల్పాటి తలుపు, గడప లేదు. తలుపు మీద కొత్తగా బిగించిన పలకలో ఉన్నది, పిన్నికి వచ్చిన ఉత్తరం కింద సంతకం పెట్టినాయన పేరు.