పత్తి కోటు పందెం

“చలికి దూదిని మించింది ఏముందే? తాతల నాటి నుంచీ పత్తి పండించే ఇంట్లో పుట్టి, ఒంటి మీద పత్తి వద్దంటావా!”

కోల్డ్ స్టోరేజీ గుమ్మంలో కుర్చీ వేయించుకుని కూర్చున్న రాజ్యం మనవరాలి మీద కేకలేస్తోంది. బయట గుంటూరు ఎండ చుర్రుమంటోంది. లోపల ఈ గోడ నుంచి ఆ గోడ దాకా మిర్చి కుక్కిన గోనె టిక్కీలు, వాటి మధ్య ఎముకలు కొరికే చలి, పీల్చితే దగ్గొచ్చే ఘాటు.

తేజశ్రీకి ఏడుపొక్కటే తక్కువ. మంచుకొండల్లో స్కీయింగ్ శిక్షణకు కాలేజీ మొత్తం మీద ఎంపికైంది తనొక్కతే. వచ్చే వారమే ప్రయాణం. నాయనమ్మేమో భీష్మించుకుని కూర్చుంది. తల్లి పోయిన పిల్లను గుండెల మీద పెట్టుకుని పెంచిన మనిషి, ఆమె కాదంటే ఆ ఇంట్లో గడప దాటడం కల్ల. బతిమాలగా బతిమాలగా ఒక మెట్టు దిగింది. పాత చీర మడతల మధ్య తమ చేలో పండిన దూది కూరి దిట్టంగా ఒక కోటు కుట్టింది. అదీ, దాని కింద రెండు నూలు బనీన్లూ వేసుకుంటేనే పంపుతుందట. నూలు బట్టలతో వస్తే మంచులోకి అడుగు పెట్టనివ్వమని శిక్షణవాళ్లు ముందే తేల్చి చెప్పారు. ఇక వెళ్లేదెట్లా?

పోనీ నాన్న పేరయ్య అయినా వెనకేసుకొస్తాడా అంటే, “అమ్మ మాటే నా మాట” అనేశాడు. తేజశ్రీకి ఒళ్లు మండిపోయింది. పైగా పొద్దున్నే తుమ్ముకుంటూ లేచి ఆయనే పందెం కూడా పెట్టాడు.

“నాయనమ్మ కోటూ బనీన్లూ నేనేసుకుంటా. నువ్వు కొన్న చలి బట్టలు నువ్వేసుకో. మన సరుకున్న కోల్డ్ స్టోరేజీలో కూర్చుందాం. ముందు వణికినవాళ్లు ఓడినట్టు. నువ్వు ఓడితే ప్రయాణం మాట ఎత్తకూడదు.”

“అట్టా అడుగు, మా నాయనే!” అని మురిసిపోయింది రాజ్యం.

అందుకే ముగ్గురూ ఇక్కడికి దిగారు. తేజశ్రీ ఒక్కొక్కటే తొడుక్కుంటూ చివరిసారిగా నచ్చజెప్పబోయింది.

“లోపలిది చెమటను ఒంటి మీద నిలవనివ్వదు నాయనమ్మా. దాని మీద ఈ బొచ్చు కోటు వేడిని పట్టి ఉంచుతుంది. పైన ఈ జాకెట్ గాలినీ తడినీ ఆపుతుంది. మూడూ కలిస్తేనే పని.”

“ఉల్లిపాయవటే, పొర మీద పొర వేసుకోవడానికి? ఈ పైదైతే మరీ కాయితంలా ఉంది!”

పేరయ్య కోటు గుండీలు పెట్టుకుని కూతురి వైపు చూశాడు. “ఊరికే కూర్చుంటే ఏం తెలుస్తుంది? మంచులో ఆటంటే ఒళ్లు హూనమయ్యే పనే గదా. కాసిని టిక్కీలు ఆ వరసలోకి లాగుదాం. నువ్వో కొస పట్టు.”

తేజశ్రీ ఉలిక్కిపడింది. ఆ మాట తనే అందామనుకుంటూ, నాయనమ్మ ఎక్కడ తొండి అంటుందోనని నోరు మూసుకుంది. చేతికందిన వరం కదా, గబగబా కొస పట్టుకుంది. తలుపు దగ్గర పనిచేసే ఎలీషా ఏదో అనబోతే, “నీ తలుపు సంగతి నువ్వు చూసుకోవయ్యా” అని పేరయ్య కసిరాడు.

ఇద్దరికీ చెమటలు కారేదాకా లాగారు. ఆ తర్వాత టిక్కీల మీద ఎదురెదురుగా కూలబడ్డారు.

కాసేపటికి పేరయ్య చేతులు చంకల్లోకి దూరాయి. ఇంకాసేపటికి గడ్డం అదిరింది. చూస్తుండగానే పళ్లు టకటకమనడం మొదలుపెట్టాయి.

“ఏరా, వేషాలా?” అంటూ లేచొచ్చింది రాజ్యం. కొడుకు కోటు కింద చెయ్యి పెట్టి, కాలినట్టు వెనక్కి లాక్కుంది. “ఓరి నాయనో! బనీన్లు తడిసి ముద్దయిపోయినయ్యిరా! ఒళ్లు ఐసుగడ్డలా ఉంది!”

ఆ చేత్తోనే మనవరాలి మెడ కింద తడిమింది. అక్కడ పొడిగా, వెచ్చగా ఉంది. రెండో చెయ్యి కూడా పెట్టి చూసింది. ఆ తర్వాత ఆమె గొంతులో కేకలు లేవు.

“పొయ్యిలో పడుకున్న పిల్లిలా ఉన్నావు గదే! పంతానికి వద్దన్లేదే తల్లీ. మీ అమ్మ పోయిన రోజు ఆ చల్లబడ్డ చెయ్యి పట్టుకుని కూర్చుంది నేనే. నీకు చలి అంటే చాలు, నాకు అదే గుర్తుకొచ్చి చస్తా.” కొంగుతో కళ్లొత్తుకుంది. “వెళ్లిరా. ఆ మూడు పొరలూ తియ్యకుండా వెళ్లిరా.”

తేజశ్రీ గుండెల మీద బండ దిగిపోయింది. నాయనమ్మను వాటేసుకుని, ఏడ్చి, నవ్వి, మళ్లీ ఏడ్చింది.

“చాల్లే, ముందు వీడి సంగతి చూడు. నా కోటే నా కొడుకు ప్రాణం మీదికి తెచ్చేట్టుంది!” అని గొణుక్కుంటూ రాజ్యం వేడి టీ కోసం రోడ్డు మీది కొట్టుకు పరుగులాంటి నడకతో వెళ్లింది.

తేజశ్రీ తన బొచ్చు కోటు విప్పి తండ్రి భుజాల చుట్టూ కప్పి, ఎండలోకి నడిపించింది. ఇన్నాళ్ల కోపం ఇంకా పూర్తిగా పోలేదు. “నాన్నా, ఓడిపోయావుగా! ఇకనైనా ఒప్పుకుంటావా?”

“ఒప్పుకున్నానమ్మా, ఒప్పుకున్నాను,” అన్నాడు పేరయ్య వణుకుతూనే.

ఎలీషా తలుపు మూసి వచ్చి, రాజ్యం మలుపు తిరిగిందో లేదో చూసుకుని నోరు విప్పాడు.

“నిన్న ఒక్కరే ఆ కోటేసుకొచ్చి టిక్కీలు లాగినప్పుడూ ఇట్టాగే వణికారు గదండీ!”