ఒగోబారా మర్యాద

"మాది కరబెంటాల ఇల్లు," అని మాలీలోని బండియాగరా కొండ కిందే గట్టిగా చెప్పి, ఏదో అంటాడని చూస్తున్నట్టు ఆగింది యాత్రికుల్లో ఒకావిడ. ఉల్లి పండించే డోగోన్లలో పుట్టిన గైడు ఒగోబారా ఎంతో వినయంగా తల వంచాడు. ఆవిడ మొహం చిట్లించింది.

"ఉల్లిపాయల కంపు కొడుతున్నావు. స్నానం చేసే వచ్చావా?"

"చేశానమ్మా, రండి," అన్నాడు ఒగోబారా, కరబెంటాలు చేపలు పట్టేవాళ్లని నాలుక చివరిదాకా వచ్చిన ఎత్తిపొడుపు మింగేసి. వెంట ఉన్న విదేశీ యాత్రికులకి భాష రాకపోయినా గొంతు అర్థమై, చెప్పులు చూసుకున్నారు.

ఇంకెప్పుడైనా అయితే ఒగోబారా తగిన జవాబే చెప్పేవాడు. దొంగ గైడులు ఎక్కువయ్యారని ఆఫీసరొకరు మారువేషంలో తిరుగుతున్నారట. యాత్రికుడికి ఎదురు చెప్పినందుకు మొన్ననే ఒకడి గైడు కార్డు ఊడింది. ఈవిడే ఆ ఆఫీసరని అతని గట్టి అనుమానం. మెడలో కార్డు పోతే ఇంట్లో పొయ్యి వెలగదు మరి.

పైన కొండచరియకి అంటుకుని, డోగోన్లకన్నా ముందు అక్కడ బతికిన టెల్లెంల మట్టి ఇళ్లు కనిపించాయి. అవి ఎలా కట్టారో అతను చెప్పబోతుంటే ఆవిడ అడ్డం వచ్చింది.

"కట్టింది టెల్లెంలు. చూపించుకుని తినేది మీరు. సిగ్గు లేదూ?"

"నిజమేనమ్మా."

ఆ మాటకి ఆవిడ ఇంకా మండిపడింది. మీ తాతలు పిరికివాళ్లు కాబట్టే కొండెక్కి దాక్కున్నారంది. మీ వంటల్లో ఇసుక తప్ప ఉప్పుండదంది. అన్నిటికీ చిత్తం చిత్తం అన్నాడు పాపం. ఏటవాలు బండ దగ్గర ఆవిడ సంచీ కూడా తనే మోశాడు. లోపల మాత్రం కుతకుత ఉడికిపోతున్నాడు.

దారిలో అలసంద గారెలు అమ్మే ముసలమ్మ ఆవిడ ఇంటిపేరు అడిగి తెలుసుకుని, "ఓసి చేపల దొంగా! నువ్వు ముట్టుకుంటే నా బుట్టంతా నీచు కంపు కొడుతుందే," అంది. కరబెంటా మొహం క్షణంపాటు విచ్చుకుంది. ఒగోబారాకి మాత్రం పై ప్రాణాలు పైనే పోయాయి. పెద్దది, తెలియక అంది, క్షమించమని బతిమాలుకున్నాడు. ఆవిడ మళ్లీ మొహం గంటు పెట్టుకుంది.

కిందికి దిగాక ఆవిడ తన గుర్తింపు కార్డు తీసి చూపించింది. ఆఫీసరే. అందరి ముందూ ఒగోబారా మెడలోని కార్డు లాగేసుకుంది.

"నువ్వు డోగోనువి కావు. ఎక్కడినుంచో వచ్చి వేషం కట్టావు."

ఇంతసేపూ అన్నీ దిగమింగినందుకు దక్కింది ఇదా? ఇక పోయేదేముంది?

"నేను డోగోను కానా? చెప్పడానికి నువ్వెవతివే, చేప తలకాయదానా? మీ ఇంట్లో ఒక్కడైనా ఒంటిమీద పొడి గుడ్డ కట్టాడా? కప్పలతో వియ్యమందేవాళ్లు కూడా నా పుట్టుక అడిగేవాళ్లేనా!" అంటూ ఊపిరి తీసుకోకుండా దులిపేశాడు. యాత్రికులు భయపడి వెనక్కి జరిగారు.

ఆవిడ చివరిదాకా విని, కార్డు మళ్లీ అతని మెడలో వేసింది.

"ఇదేదో పొద్దున్నే ఏడవొచ్చుగా! చేపలు పట్టే మా బోజోలకీ మీ డోగోన్లకీ తాతలనాటి తిట్ల చుట్టరికం. తిడితే తిరిగి తిట్టనివాణ్ని అసలు డోగోనని ఎలా నమ్మమంటావురా, చుట్టమా?"