నలభై రెండు ఆబ్సెంట్లు

శ్రావణి ఇల్లు రేపల్లెలో, ఉద్యోగం తెనాలిలో, చదువు బాపట్లలో. నిద్ర మాత్రం రైల్లో.

ఈ ఏర్పాటు చూసి ముచ్చటపడనివాళ్ళు లేరు. "చదువుకుంటూ సంపాదిస్తోంది, అదృష్టవంతురాలు" అంటారు వీధిలో వాళ్ళు. ఆటో భర్త బర్నబాస్ నడుపుతాడు, దాని కంతులు ఈవిడ కడుతుంది. అత్తగారి బీపీ మాత్రలు, పిల్ల స్కూలు ఫీజు, తన నర్సింగ్ కాలేజీ ఫీజు, అన్నీ ఆ అదృష్టంలోంచే వెళ్తాయి.

ముప్ఫై ఒకటో ఏట ఈ చదువు సరదాకి మొదలుపెట్టలేదు. "డిప్లొమా ఉంటేనే ఇక్కడ ఉద్యోగం. మూడేళ్ళలో పాసవ్వకపోతే వేరే మనిషిని చూసుకుంటాను" అన్నాడు యజమాని, తొమ్మిదేళ్ళు చాకిరీ చేయించుకున్నాక. చదువుకోవడానికి సెలవిస్తారా అని అడిగితే నవ్వాడు. మంచివాడు, కసురుకోలేదు.

క్లాసులున్న రోజుల్లో రాత్రి డ్యూటీ, లేని రోజుల్లో పగలు. అలా మూడో సంవత్సరం దాకా లాక్కొచ్చింది. తీరా పరీక్షల ముందు ప్రిన్సిపాల్ విశాలాక్షి మేడమ్ పిలిపించింది. బల్ల మీద అందరి హాల్‌టికెట్లూ ఉన్నాయి, శ్రావణిది తప్ప.

"ఏంటమ్మా శ్రావణీ ఇది? ఆస్పత్రిలో పోస్టింగ్ వేస్తే నలభై రెండు రోజులకి నలభై రెండూ ఆబ్సెంటా? ఒక్కరోజు కూడా వెళ్ళాలనిపించలేదా?"

"ఉద్యోగం ఉందండి మేడమ్. అప్పుడు పగలు డ్యూటీ వేశారండి."

"ఉద్యోగం! మాకు లేవా ఉద్యోగాలు?"

ఆవిడకీ ఉంది. పదకొండింటికి మొదలై, మధ్యలో భోజనానికి ఆగి, మూడింటికల్లా అయిపోతుంది.

తర్వాత కాసేపు సమయపాలన గురించి చెప్పింది. తెల్లవారి నాలుగింటికి లేవాలట. శ్రావణి నాలుగింటికి మెలకువగానే ఉంటుంది, అప్పటికింకా పడుకోదు కాబట్టి.

మిగతా క్లాసంతా పోస్టింగ్‌కి పరుగులు పెట్టిందని కాదు. ఎబినేజర్ అనే కుర్రాడు నాలుగు రోజులు సూర్యలంక సముద్రం దగ్గర డ్యూటీ చేశాడు. నాలుగు ఆబ్సెంట్లు పడ్డాయి. చాక్లెట్ల డబ్బా పట్టుకెళ్ళి వార్డు ఇన్‌చార్జి సిస్టర్ని బతిమాలాడు. ఆవిడ చాక్లెట్లు తీసుకెళ్ళి పిల్లల వార్డులో పంచిపెట్టి, ఆబ్సెంట్లు అలాగే ఉంచింది.

"ఆ సిస్టర్ ఉండబట్టి సరిపోయింది. లేకపోతే మీ బండారం మాకు తెలిసేదా?" అంది మేడమ్.

నిజమే, తెలిసేది కాదు. వార్డుకెళ్ళి చూసిరావాల్సిన ట్యూటర్ ఒకాయన ఉన్నాడు, కాగితం మీద. మేడమ్ కూడా ఆ ఆస్పత్రి గడప ఏనాడూ తొక్కలేదు. కవర్లో హాజరు పట్టీ వస్తుంది, కింద ఎవరికీ చదవరాని సంతకం ఉంటుంది. ఆ సంతకమంటే మేడమ్‌కి భక్తి.

"డ్యూటీ అంటే ఏంటో ఆవిడ దగ్గర నేర్చుకోవాలమ్మా. మీ క్లాసు పిల్లలకి సెలైన్ పెట్టడం వచ్చిందంటే ఆవిడ చలవే. నీకే ఆ భాగ్యం లేదు."

శ్రావణి తల దించుకుంది. రికార్డు మీద సంతకం కోసం వచ్చి నిలబడ్డ హిమబిందుకి ఉన్నట్టుండి దగ్గొచ్చింది.

"ఏం హిమబిందూ, నువ్వు చెప్పు. ఎలాంటి మనిషి ఆవిడ?"

"చాలా స్ట్రిక్టండి మేడమ్. సొంతమనిషైనా సరే, వదలదండి."

"విన్నావా?"

"విన్నానండి" అంది శ్రావణి. అక్కడిదాకా బాగానే నిలబడింది. "ఈ ఏడాది పరీక్ష రాయకపోతే ఉద్యోగం పోతుందండి మేడమ్. అది పోతే ఇల్లు గడవదండి" అంది. ఏడవకూడదనుకుంటూనే ఏడ్చింది. పదేళ్ళు చిన్నదాని ముందు ఏడ్చినందుకు సిగ్గేసింది.

మేడమ్ మనసు కరిగింది. కరిగినా నిబంధన నిబంధనే కదా. తెల్లకాగితం తీసి వార్డు ఇన్‌చార్జి సిస్టర్‌కి ఉత్తరం రాసింది. ఈ విద్యార్థిని వార్డులో పనిచేసిందని మీరు రాసిస్తే పరీక్షకి పంపుతాం, లేదంటే వచ్చే ఏడాదే.

"రేపు సాయంత్రంలోగా తీసుకురా. కాళ్ళావేళ్ళా పడు. కానీ ఆవిడ అబద్ధం రాస్తుందని మాత్రం ఆశపడకు."

"రాయదండి" అంది శ్రావణి.

బాపట్లలో రైలెక్కింది. కూర్చోవడానికి చోటు దొరికింది గానీ నిద్ర పట్టలేదు. నిడుబ్రోలు దాటేదాకా ఉత్తరం చేతిలో పట్టుకునే ఉంది. ఎబినేజర్‌కి నాలుగు రోజులే మాఫీ కాలేదు, తనకి నలభై రెండు ఏ మొహం పెట్టుకుని అడగాలి? ఒక్కరోజైనా విద్యార్థినుల యూనిఫాం వేసుకుని వార్డులో నిలబడలేదు, నిజమే కదా. జీతం తీసుకున్న గంటలకి హాజరు కూడా కావాలనడం ఏం న్యాయం?

రేపల్లెలో పిల్ల గుర్తొచ్చింది. ఆటో కంతు గుర్తొచ్చింది. నిబంధనల గురించి ఇంత బాధపడుతున్నది బహుశా ఈ రైలు మొత్తంలో తనొక్కతే అని కూడా తోచింది.

తెనాలిలో దిగేసరికి ఒక నిర్ణయానికి వచ్చింది. అబద్ధం ఎవరు రాయమన్నారు? ఉన్నదున్నట్టు రాస్తే చాలు.

ఆస్పత్రికెళ్ళి, తెల్లకోటు తొడుక్కుని, తను రోజూ కూర్చునే ఇన్‌చార్జి సిస్టర్ కుర్చీలో కూర్చుని, "ఈ అమ్మాయి ఆ నలభై రెండు రోజుల్లో ఒక్కరోజు కూడా ఈ వార్డు మానలేదు" అని రాసి సంతకం పెట్టింది.