తల్లిదండ్రుల మీటింగుకు వచ్చిన తల్లి

పుష్యమాసపు చలికి ఆదిలాబాద్ గజగజ వణుకుతోంది. బడిగంట ఏడున్నరకే మోగుతోంది. వేళ్లు కొంకర్లు పోయి చిన్నారి ఆద్య పెన్సిలు కూడా పట్టుకోలేకపోతోంది. ఆ సంగతేదో తేల్చుకుందామని వాళ్లమ్మ నవనీత తల్లిదండ్రుల మీటింగుకు స్వయంగా వెళ్లింది.

హాల్లో తల్లులూ లేరు, తండ్రులూ లేరు. ప్రతి కుర్చీలోనూ ఒక్కో ఇంటి 'తోడు' ఉంది. బడి కబుర్లన్నీ విని, ఇంట్లోవాళ్ల బదులు జవాబులు చెప్పే మాటల పెట్టె అది. పిల్లలే పొద్దున సంచుల్లో మోసుకొచ్చారు. మర్యాద తప్పకూడదని అటెండరు ఒక్కో పెట్టె ముందూ టీ గ్లాసు పెట్టి వెళ్లాడు.

హెడ్మాస్టరు పోశెట్టి ఆమెను చూసి కంగారుపడ్డాడు. "మీరెందుకొచ్చిండ్రమ్మా? మీ తోడు వచ్చింది గద!"

"సార్, గంట తొమ్మిదికి పెట్టుండ్రి. పోరి చలికి గడ్డకట్టుకపోతున్నది."

"ఏడున్నరే మంచిగున్నదని మీ ఇంటి తరఫున చెప్పిండ్రు గదమ్మా. మస్తు ఖుషీగున్నమని గూడ చెప్పిండ్రు."

"ఎవరు చెప్పిండ్రు? నేనెప్పుడు చెప్పిన?" నవనీత గొంతు లేచింది.

పెట్టెలన్నీ కాసేపు గుసగుసలాడుకున్నాయి. ఆ తర్వాత పోశెట్టి తల దించుకుని ఆమెను గుమ్మం దాకా సాగనంపాడు.

సాయంత్రం ఆద్య సంచిలోంచి తోడును తీసి గూట్లో పెట్టింది. అది తియ్యగా కబురు చెప్పింది.

"మీటింగు చక్కగా జరిగింది నవనీతగారూ. చలికాలపు కొత్త టైంటేబుల్ అందరికీ నచ్చింది. గంట ఇక ఏడుకే. మధ్యలో ఎవరో ఒకావిడ వచ్చి గొడవ చేసింది. బయటికి పంపించాలని అందరం ఓటేశాం. మొదటి ఓటు మనదే."