ఆకుపచ్చ నీళ్ళు

“దొరా, లే. నీ పడక అవతలికి మార్చు,” అంటూ అతను కారు కింద పడుకున్న కుక్కను కాలితో మెల్లగా తట్టాడు. దొర ఒక కన్ను తెరిచి, ఆ మాట తనను కాదన్నట్టు మళ్ళీ మూసుకుంది.

దొర పక్కింటి టీచరుగారి కుక్క. ఆవిడ రిటైరై చాలా కాలమైంది. ఇంట్లో ఆవిడా, ఆ కుక్కా, అంతే. గేటు తీసి ఉంటే చాలు, దొర ఇటు వచ్చేసి ఈ కారు నీడలో తిష్ఠ వేసేది.

కారు కూడా దొరలాగే వయసు మళ్ళినదే. అతను దాని మీదే డ్రైవింగ్ నేర్పేవాడు. నేర్చుకునేవాళ్ళు ఫస్ట్ గేరులో ఈడ్చి ఈడ్చి నడపడంతో ఈ మధ్య ఇంజను ఊరికే వేడెక్కుతోంది. మొన్న ఒకావిడ నడిరోడ్డు మీద ఆపేసి, బానెట్‌లోంచి వస్తున్న ఆవిరి చూసి, తాళంచెవి అతని చేతిలో పెట్టి బస్సెక్కి వెళ్ళిపోయింది. రేడియేటర్‌లో ఇంజనును చల్లబరిచే కూలెంట్ మార్చి ఏళ్ళయింది. మెకానిక్‌కి అప్పగిస్తే బండి అక్కడే కాపురం పెడుతుందని, ఆ ఆదివారం అతనే నడుం కట్టాడు.

ఇంజను పూర్తిగా చల్లారాక రేడియేటర్ అడుగున ఉన్న మర వదులు చేసి, కింద బేసిన్ పెట్టాడు. తుప్పు కలిసిన ఆకుపచ్చ నీళ్ళు ధారగా దిగాయి. కొత్త కూలెంట్ డబ్బా మీద, పిల్లలకూ జంతువులకూ అందకుండా ఉంచాలని రాసి ఉంది. అతను చదివాడు కూడా. ఇంతలో ఇంట్లో ఫోన్ మోగింది. క్లాసు వేళ మార్చాలని ఎవరో మొదలుపెట్టి, గేర్ల గురించి, పరీక్ష గురించి ఒక పట్టాన వదల్లేదు.

తిరిగి వచ్చేసరికి దొర బేసిన్ పక్కన నిలబడి మూతి నాక్కుంటోంది. నీళ్ళు తగ్గాయేమో అనిపించింది. రెండు గుక్కలు తాగితే ఏమవుతుందిలే అనుకున్నాడు. కుక్కను అదిలించి, బేసిన్‌లోది పారబోసి, పనిలో పడ్డాడు. మంచినీళ్ళు నింపి, ఇంజను కాసేపు నడిపి, చల్లారాక ఆ నీళ్ళు కిందికి వదిలేశాడు. నీళ్ళు తేటగా వచ్చేదాకా అలాగే కడిగి, కొత్త కూలెంట్ పోశాడు. ఇంజను వేడి చూపే ముల్లు మధ్యలోనే నిలబడింది. చేతులు తుడుచుకుంటూ తనను తాను మెచ్చుకున్నాడు.

సాయంత్రం టీచరుగారు గోడ దగ్గరికొచ్చి పిలిచింది. దొర తూలుతోందట, వాంతులు చేసుకుందట. ఆ కారులోనే ఇద్దరినీ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాడు.

“తినకూడనిది ఏమైనా తిందా? తాగిందా? తెలిస్తే వెంటనే దానికి తగ్గ మందు వేస్తాను,” అన్నాడు పశువుల డాక్టరు.

తన చేత్తో పెట్టింది తప్ప దొర ఏదీ ముట్టదని టీచరుగారు చెప్పింది. అతనికి మాట గొంతు దాకా వచ్చింది. కానీ ఆవిడ తనకేసి ఎంత నమ్మకంగా చూస్తోందో చూశాడు. కాస్త తేరుకున్నాక చెబుదాంలే అనుకుని కారు తాళం కేసి చూస్తూ ఉండిపోయాడు.

దొర తేరుకోలేదు. తెల్లారేసరికి కిడ్నీలు పోయాయన్నారు. దొర కన్నుమూశాక డాక్టరు టీచరుగారిని ఒక్కదాన్నే లోపలికి పిలిచాడు. ఆవిడ చాలాసేపటికి బయటికి వచ్చి, కళ్ళద్దాలు తుడుచుకుని, అతని భుజం మీద చెయ్యి వేసింది.

“వయసు మీద పడిందట బాబూ. మన చేతుల్లో ఏముంది,” అంది.

ఆవిడ పెరట్లో గొయ్యి తీసింది అతనే. గడ్డపార వేస్తున్నంతసేపూ ఆవిడ అతనికి ఎండ తగలకుండా గొడుగు పట్టింది.

ఆ తర్వాత ఆవిడకు ఏ అవసరమొచ్చినా అతనే. కంటి ఆపరేషన్‌కి తీసుకెళ్ళాడు, వానకు కారే ఇంటి పైకప్పు బాగు చేయించాడు, కూరలు తెచ్చిపెట్టాడు. కడుపున పుట్టినవాడైనా ఇంత చెయ్యడని ఆవిడ వీధిలో అందరితో చెప్పుకునేది. ఎన్నోసార్లు చెప్పేద్దామనుకున్నాడు. ఒకసారి తెగించి, “టీచరుగారూ, దొర పోయిన రోజు…” అని మొదలుపెట్టాడు కూడా.

“పోయినవాడు పోయాడు. టీ చల్లారిపోతోంది, తాగు,” అందావిడ.

ఇంకో కుక్కపిల్లను తెచ్చుకోమని మాత్రం పోరుతూనే ఉండేవాడు. ఇంకా ధైర్యం చాలట్లేదని ఆవిడ దాటవేసేది.

ఏళ్ళు గడిచాయి. ముల్లు మళ్ళీ పైకి ఎక్కడం మొదలుపెట్టింది. అతను ఇష్టం లేకుండానే ఒక ఉదయం బానెట్ ఎత్తి, మర వదులు చేసి, బేసిన్ పెట్టాడు. ధార చప్పుడు వింటూ బేసిన్ పక్కనే కూర్చున్నాడు.

తలెత్తేసరికి గోడ అవతల టీచరుగారు. చేతుల్లో తెల్లటి కుక్కపిల్ల, కళ్ళు తెరిచి ఎన్నాళ్ళో అయినట్టు లేదు. రాత్రే తెచ్చానని, పేరు ఇంకా పెట్టలేదని, అది నువ్వే పెట్టాలని అంది. అతను చాలా కాలానికి మనసారా నవ్వాడు. చేతులు తుడుచుకుని లేచాడు.

ఆవిడ వంగి, పిల్లను గోడ మీదుగా అతని పెరట్లోకి దించింది. అది తప్పటడుగులు వేస్తూ కారు నీడలోకి నడిచింది. ఆవిడ దాన్నే చూస్తూ, ఎప్పటిలాంటి మెత్తని గొంతుతో అంది.

“ఈసారి ఆ బేసిన్‌కి మూత పెట్టు బాబూ.”