పదిహేడో నంబరు సభ్యుడు

సరిగ్గా నాలుగింటికి ఫోన్ మోగుతుంది. అనూష రెండో రింగు పడనివ్వదు.

"ఏం బిడ్డా, ఇయ్యాల జొన్నల ధరెంత?"

ఆమె చెబుతుంది. బాలనర్సయ్య "అచ్ఛా" అంటాడు. దాంతో సంఘం పని అయిపోతుంది. అసలు మాటలు ఆ తర్వాతే.

నల్లరేగడి రైతుల ధాన్య సహకార సంఘం నారాయణఖేడ్ వైపు ఓ రేకుల షెడ్డులో నలభై మందితో మొదలైంది. ఇప్పుడు నాలుగు వేల మంది సభ్యులు, ఏడు గోదాములు. నల్లగండ్ల అపార్ట్‌మెంట్లలో జొన్నరొట్టె తినేవాళ్ల ఇళ్లలో చాలావరకు వాళ్ల ముద్ర ఉన్న సంచే. ఇంత పెరిగాక రేకుల కింద కూర్చుంటే ఏం బాగుంటుందని, మాదాపూర్‌లో ఓ అద్దాల భవనం ఆరో అంతస్తుకు ఆఫీసు మార్చారు. సభ్యులకు ఫోన్లో ధరలు చెప్పడానికి అనూషను పెట్టుకున్నారు.

జగిత్యాల నుంచి వచ్చి ఎనిమిది నెలలైంది. బోరబండలో కిరాయి గది. పొద్దున్నే చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని బయల్దేరుతుంది. రైల్లో గానీ, గేటు దగ్గర గానీ, లిఫ్టులో గానీ ఎవరి మొహమూ చూడదు. వాటిలో పాటలు కూడా రావు. ఒంటరిదని ఎవరూ అనుకోకుండా ఉంటే చాలని ఊరికే పెట్టుకుంటుంది. ఇంత పెద్ద నగరంలో ఉంటూ, ఎలా ఉన్నావని అడిగే ఒకే ఒక్క మనిషి ఎక్కడో జొన్నచేను గట్టు మీద ఉన్నాడని తలచుకుంటే ఆమెకు నవ్వూ వచ్చేది, ఏడుపూ వచ్చేది.

"చేను ఎట్లున్నది తాతా?"

"కంకి పాలు పోసుకున్నది బిడ్డా. పిట్టలతోనే పరేషాన్."

వెనక హారన్లు మోగేవి. రోడ్డు పక్క చేను గదా, లారీలు అనేవాడు. వానాకాలంలో ఒకరోజు, "ఛత్రి తెచ్చుకోనట్టున్నవు, వాన తగ్గినంక పో" అన్నాడు. మీకెట్ల తెలుసంటే, "పట్నం పిల్లలు ఎవరు తెచ్చుకుంటరు?" అని నవ్వాడు.

ఆ సోమవారం మేనేజర్ రాకేశ్ ఒక లిస్టు తెచ్చాడు.

"మూడేళ్లుగా ఒక్క బస్తా కూడా ఇవ్వని సభ్యులండి వీళ్లు. శనివారం పేర్లు తీసేద్దాం. నంబర్లు కూడా బ్లాక్ చేసేయండి. వ్యాపారం పెరగాలంటే పేర్లు కాదు, గింజలు కావాలి."

ఆయన మాటలో తప్పేం లేదు. కానీ మొదటి పేరే బాలనర్సయ్య, పదిహేడో నంబరు. అనూష ఆ పేరు మళ్లీ చదివింది.

నాలుగింటికి అడిగేసింది.

"చేను మంచిగున్నదంటరు. మూడేండ్ల సంది ఒక్క బస్తా ఇయ్యలేదేంది తాతా?"

హారన్ల మధ్య నుంచి జవాబొచ్చింది.

"తిండికే సరిపోతున్నది బిడ్డా."

"శనివారంలోపు ఒక్క బస్తా పంపండి. లేకుంటే పేరు తీసేస్తరు. ఇగ ఫోన్ కలవదు."

"ఫోన్ కలవదా?" అన్నాడు. పేరు సంగతి ఎత్తనే లేదు.

శనివారం మూడింటికి లిఫ్టులో ఒక బస్తా పైకొచ్చింది. గోనెసంచిని తిరగేసి కుట్టారు. మీద చీటీ: 'సభ్యుడు నం. 17'.

రాకేశ్ సంచి విప్పించి గుప్పెడు జొన్నలు తీశాడు. "గోదాములో ఇవ్వాల్సింది ఇక్కడికి తెచ్చాడేంటి? దుమ్ము లేదు, పొట్టు లేదు. రైతు ఇంటి నుంచి ఇంత శుభ్రమైన గింజ రావడం నేనెప్పుడూ చూడలేదు" అన్నాడు. అన్నాడే గానీ, లిస్టులో పదిహేడో నంబరు కొట్టేశాడు. ఇక ఆ పేరు సంఘంలో ఉంటుంది.

అప్పటికే అనూష కిందికి పరుగెత్తింది. ఇంత దూరం వచ్చి పలకరించకుండా పోతాడా? గేటు బయట క్యాబులు, చాయ్ బండి, మెడలో ఐడీ కార్డుల గుంపులు. తలపాగా, తెల్ల ధోవతి ఎక్కడా లేవు.

"అన్నా, బస్తా తెచ్చిన పెద్దాయన ఎటు పోయిండు?" రోడ్డు మీద నుంచి చూపు తిప్పకుండానే గేటు దగ్గర అడిగింది.

ఒక చెయ్యి లేచి మెయిన్ రోడ్డు వైపు చూపించింది. ఆమె మలుపు దాకా వెళ్లి చూసింది. తిరిగొచ్చి లిఫ్టులో కళ్లు తుడుచుకుంది.

నాలుగింటికి ఫోన్ మోగింది.

"బస్తా అందిందా బిడ్డా?"

"అందింది. ఒక్కసారి కనపడి పోతే ఏమాయె తాతా?" అంటూనే ఆమె ఏడ్చేసింది.

"ఏడ్వకు బిడ్డా, బస్సు దొరికింది, లింగంపల్లి దాటిన" అంటూ, గేటు దగ్గరి సెక్యూరిటీ మనిషి టోపీ తీసి ఒళ్లో పెట్టుకుని, తలెత్తి ఆరో అంతస్తు కిటికీ వైపు చూశాడు.